క్రిస్టమ్మ ఊరి వడ్రంగులు

మేడ్చల్ బస్సు డిపో దాటి నిజామాబాదు రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే యాకోబు వడ్రంగి కొట్టు ఉండేది. దర్వాజాలు, కిటికీలు, పెళ్లి మంచాలు, ఎవరైనా అడిగితే బడి బెంచీలు చేసేవాడు. పనికి పేరున్నవాడు, మాటకు మాత్రం బాగా పొదుపు. ఆ లోటు భార్య ఎలీషమ్మ తీర్చేది. వాళ్ల చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. క్రిస్మస్ వచ్చిందంటే ఆడవాళ్లను వెంటేసుకుని ఇంటింటికీ పాటలకు బయలుదేరేదీ, గుడి వెనక పొయ్యిలు తవ్వించి సంఘమంతటికీ ప్రేమవిందు వండించేదీ ఆమే. వాళ్లకు ఒక్కతే కూతురు, జాస్మిన్.

తొంభై ఆరో సంవత్సరం నవంబరులో ఒక తెల్ల అంబాసిడర్ కారు కొట్టు ముందు ఆగింది. దిగినామె జర్మనీ దేశస్థురాలు. ఆమె భర్త శామీర్‌పేట అవతల కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన ఇంజనీరు. చెరువు దగ్గర ఒక బంగళా కిరాయికి తీసుకున్నారు. ఆమె పేరు క్రిస్టా. మేడ్చల్ మార్కెట్లో కూరగాయలమ్మే ఆడవాళ్లు ఆ పేరుకు ఒక 'అమ్మ' తగిలించారు. అప్పటి నుంచి ఆమె అందరికీ క్రిస్టమ్మే.

ఆమె చేతిలో అట్టపెట్టె ఉంది. అందులోంచి మూడంతస్తుల చెక్క గోపురం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అడుగున చుట్టూ కొవ్వొత్తులు నిలిపే గిన్నెలు. ఒక్కో అంతస్తులో చిటికెన వేలంత మనుషులు: గొర్రెల కాపరులు, దేవదూతలు, చేతిలో దీపం పట్టుకున్న గని కూలీలు. అన్నిటికంటే పైన ఫ్యాను రెక్కల్లాగా పల్చటి చెక్క రెక్కలు. కొవ్వొత్తులు వెలిగిస్తే వేడిగాలి పైకి లేచి ఆ రెక్కలను తిప్పుతుందట. రెక్కలతోపాటు నడిమి కడ్డీ, కడ్డీతోపాటు బొమ్మలన్నీ తిరుగుతాయట. క్రిస్మస్‌కు ముందు నెలంతా వాళ్ల దేశంలో అది ఇంట్లో తిరుగుతూ ఉండాలట. ఓడలో వచ్చేటప్పుడు రెండు రెక్కలు విరిగి, కడ్డీ మొన వంగింది. అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న జాస్మిన్, క్రిస్టమ్మ ఇంగ్లిషును తండ్రికి తెలుగు చేసి చెప్పింది.

యాకోబుకు అదొక పెద్ద పనిగా తోచలేదు. టేకు ముక్కకు రందా పట్టి, పల్చగా రెండు రెక్కలు కోశాడు. పాతవాటికంటే నున్నగా వచ్చాయి. మొన సరిచేశాడు. కొవ్వొత్తులు వెలిగించాడు. గోపురం కదల్లేదు. టేకు బరువెక్కువైందని తెలిసింది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క తెప్పించి మళ్లీ కోశాడు. ఈసారి కొంచెం కదిలి ఆగిపోయింది. రెక్క ఎంత వాలుగా ఉండాలో, కడ్డీ మొన ఎంత సన్నగా ఉండాలో తేలేసరికి చేతిలో ఉన్న మంచం పని వెనక్కి పోయింది, పెళ్లివాళ్లు వచ్చి అరిచిపోయారు. చివరికి ఒక సాయంత్రం గాలి రాకుండా తలుపులు మూసి వెలిగిస్తే, రెక్కలు మెల్లగా కదిలి, కదిలి, ఇక ఆగలేదు. కాపరులు ఒకరి వెనక ఒకరు నడిచారు. గోడకు వేలాడే రంపాల మీద దేవదూతల నీడలు తిరిగాయి. ఎలీషమ్మ చేతులు జోడించింది. యాకోబు మాత్రం వంగి, ఆ బొమ్మల కింద కీలు ఎలా కలిపారో చూస్తున్నాడు.

దీన్ని ఎవరు చేశారో అడగమన్నాడు కూతుర్ని. క్రిస్టమ్మ తన ఊరి సంగతి చెప్పింది. జర్మనీ తూర్పు భాగంలో, సరిహద్దు కొండల్లో చిన్న ఊరు. ఒకప్పుడు అందరూ తగరం గనుల్లో దిగేవారు. తగరం అయిపోయాక బతుకుదెరువు కోసం చెక్క పట్టారు. ఇప్పుడు ఆ ఊళ్లో ఇల్లు విడిచి ఇల్లు బొమ్మలు చేసేవాళ్లేనట. ఇంకోసారి వచ్చినప్పుడు ఒక చెక్క గుర్రాన్ని తెచ్చి యాకోబుకు ఇచ్చింది. బొటనవేలంత ఉంది. అది ఉలితో చెక్కింది కాదని, లేత్ మిషన్ మీద పుట్టిందని చెప్పింది.

యాకోబు నమ్మలేదు. "లేత్ మీద గుండ్రం తప్ప ఇంకేమొస్తది బిడ్డా? దీని కాళ్లెట్లొస్తయి?" అని జాస్మిన్‌ను అడిగాడు. క్రిస్టమ్మ నేల మీది రంపపు పొట్టులో వేలితో ఒక చక్రం గీసి, దాన్ని ముక్కలుగా కోసినట్టు చూపించింది. అతను తలూపాడు గాని ఏమీ అర్థం కాలేదు. తరువాత చాలా ఏళ్లు ఆ గుర్రం అతని పనిముట్ల పెట్టెలోనే ఉంది. పని లేనప్పుడు తీసి, దాని చెక్క పోగు ఎటు పోతుందో చూసి, మళ్లీ పెట్టేసేవాడు.

రెండేళ్లకు క్రిస్టమ్మ వాళ్లు తమ దేశం వెళ్లిపోయారు. ప్రతి డిసెంబరులో ఒక కార్డు పంపేది.

రెండు వేల ఆరులో హైవే వెడల్పు చేసినప్పుడు యాకోబు కొట్టు ముందు భాగం పోయింది. దానికి వచ్చిన పరిహారంతో కొట్టు వెనక్కి జరుపుకోగా కొంత మిగిలింది. జాస్మిన్ అప్పటికి శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. మిగిలిన డబ్బు తన కోసం దాచవద్దని, అమ్మా నాన్నా ఎక్కడికైనా వెళ్లి రావాలని పట్టుబట్టింది. అదే ఏడు సంఘం పాస్టరు అయ్యగారు యెరూషలేము యాత్ర తలపెట్టారు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో గోడకు కట్టిన యొర్దాను నది బొమ్మను ఎలీషమ్మ ఎన్నడూ మరిచిపోలేదు. జాబితాలో తమ పేర్లు ముందు తనే రాయించింది.

ఆ రాత్రి అన్నం తింటూ యాకోబు, తనకు క్రిస్టమ్మ ఊరు చూడాలని ఉందన్నాడు. క్రిస్మస్‌కు పోతే బాగుంటుందన్నాడు. ఎలీషమ్మ పరాచికం అనుకుని నవ్వింది. అతను నవ్వకపోయేసరికి గిన్నె కింద పెట్టి, యెరూషలేము పోయే డబ్బులు పెట్టి బొమ్మలు చూడపోతారా ఎవరైనా అంది. అతను చెయ్యి కడుక్కుని లేచాడు.

మాట అయ్యగారి దాకా పోయింది. ఆయన మంచి మనిషి, యాకోబు అంటే ఇష్టం. ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, "యాకోబూ, నువ్వు వడ్రంగివి. నజరేతు చూడాలని నీకు గాక ఎవరికుండాలి?" అన్నారు.

"అక్కడ ప్రభువు పనిచేసిన కొట్టు ఇప్పుడు లేదు గదయ్యగారూ," అన్నాడు యాకోబు. "క్రిస్టమ్మ ఊర్ల ఇంకా పని నడుస్తాందట."

అయ్యగారు నవ్వి అతని భుజం తట్టారు. కాని యాకోబు మొండివాడు కాదు. భార్య మొహం చూసి, యాత్ర డబ్బు కట్టేశాడు. ఇక ఆ ఊసు ఎత్తలేదు.

జూలైలో అటువైపు యుద్ధం మొదలైంది. టీవీలో రాకెట్లు, కూలిన ఇళ్లు. ప్రయాణం ఈ ఏడు కుదరదని, డబ్బు సంఘం దగ్గరే ఉంచితే వచ్చే ఏడు వెళ్లవచ్చని అయ్యగారు ప్రకటించారు. ఎలీషమ్మ ఇంటికొచ్చి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. యాకోబు ఆమె పక్కనే కూర్చుని, యుద్ధాలు ఎల్లకాలం ఉండవని, వచ్చే ఏడు తప్పకుండా పోదామని చాలాసేపు చెప్పాడు. అతని నోటి వెంట అన్ని మాటలు ఒక్కసారిగా రావడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"యాత్ర ఆగిపోయిందంటే నీకు లోపల సంతోషం కాలేదా?" అని అడిగింది.

"నువ్వు ఏడుస్తాంటే నాకు సంతోషమెట్లయితది?" అన్నాడు.

ఆ మాట ఆమెను వదల్లేదు. మరుసటి రోజు ఒక్కతే అయ్యగారింటికి పోయి తమ డబ్బు తిరిగి ఇమ్మని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయి, అందరికంటే ముందు పేరు రాయించినది నువ్వే కదా అన్నారు. "యెరూషలేము యాడికి పోదయ్యగారూ," అంది ఎలీషమ్మ. "పెండ్లయినకాడి నుంచి ఈయన నన్ను ఒక్కటే అడిగిండు. అది గూడ కాదన్న." అయ్యగారు బీరువా తెరిచి డబ్బు తెచ్చి ఇచ్చారు. ప్రయాణం కోసం ప్రార్థన కూడా చేశారు.

ఇక యాకోబు పక్కకు తప్పుకున్నాడు, పని మొత్తం ఎలీషమ్మ ఎత్తుకుంది. జాస్మిన్ ఆఫీసు నుంచి క్రిస్టమ్మకు ఈ-మెయిలు రాసింది. జవాబు ఆ సాయంత్రానికే వచ్చింది. తప్పకుండా రమ్మని, తమ ఇంట్లోనే ఉండాలని, అయితే ఇరవై ఐదో తారీకు చూసుకుని రావద్దని. తమ వైపు పండుగంటే దానికి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు. వారం వారం ఒక్కో కొవ్వొత్తి పెంచుతూ పోతారు, కార్ఖానాలన్నీ ఆ రోజుల్లోనే నిండుగా నడుస్తాయి. ఇరవై నాలుగు మధ్యాహ్నానికి అన్నీ మూతపడతాయి. కాబట్టి డిసెంబరు మొదట్లోనే దిగండి అని రాసింది.

ఇది ఎలీషమ్మకు పెద్ద చిక్కు తెచ్చింది. డిసెంబరంతా ఊళ్లో లేకపోతే పాటలు ఎవరు నడిపిస్తారు, విందు ఎవరు వండిస్తారు? కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె లేకుండా మేడ్చల్ సంఘంలో ఒక్క క్రిస్మసూ జరగలేదు. రెండు మూడు రోజులు ఆలోచించి, చివరికి ముత్తమ్మ ఇంటికి పోయింది. స్త్రీల సమాజంలో ఎలీషమ్మ ఏది చెప్పినా ఎదురు చెప్పే మనిషి ముత్తమ్మ. కూరలో కారం దగ్గర ఇద్దరికీ ఏటా తగువే. అట్లాంటి ముత్తమ్మను పట్టుకుని, ఈ ఏడు పెద్ద గరిటె నీదేనంది. ముత్తమ్మ కాసేపు నమ్మలేదు. తరువాత, పోయేముందు దినుసుల లెక్క చెప్పిపొమ్మంది.

పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబుల్, జర్మనీలో ఏం పని అని అడిగాడు. పండుగకని యాకోబు చెప్తే, ఇక్కడ లేని పండుగ అక్కడేముందని నవ్వుతూ రాసుకుని, చాయ్ తాగి వెళ్లాడు. వీసాకు మద్రాసు పోవలసి వచ్చింది. కిటికీ వెనక అధికారి అక్కడ ఏమేం చూస్తారని అడిగించాడు. ఎలీషమ్మ చర్చీలు, దీపాలు, బజార్లు అంటూ చెప్పుకుపోతుంటే, యాకోబు మధ్యలో అందుకుని, లేత్ మీద గుర్రమెట్లా పుడుతుందో చూడాలన్నాడు. తెలుగు తెలిసిన గుమస్తా ఆ ముక్కను ఇంగ్లిషులోకి ఎలా మార్చాడో తెలియదుగాని, అధికారి తల ఎత్తి యాకోబును చూసి, నవ్వుతూ ముద్ర వేశాడు.

కోఠిలో టిబెట్ వాళ్లు అమ్మే స్వెట్టర్లు కొన్నారు. యాకోబు పుట్టి బుద్ధెరిగి బూట్లు వేసుకోలేదు. జాస్మిన్ తెచ్చిన బూట్లు అలవాటు కావాలని, రోజూ పొద్దున డిపో నుంచి రైల్వేస్టేషను దాకా నడిచేవాడు. తెలిసినవాళ్లు ఎదురొచ్చి, ఏంది యాకోబన్నా, మిలిటరీల చేరినవా అనేవారు. ఎలీషమ్మ చీర మాననంది. చీర కింద ఉన్ని పంట్లాము వేసుకునేట్టు కూతురితో ఒప్పందం కుదిరింది. ఆమె ఆవకాయ, పల్లీల పొడి కట్టింది. యాకోబు ఉత్త చేతులతో ఎట్లా పోవాలని వారమంతా ఆలోచించి, మంచి టేకుతో ఒక కవ్వం చేశాడు. ఒకే మొద్దులో పువ్వు రెక్కల్లా గాడులు తీసి, పైన తాడు చుట్టేచోట సన్నటి గీతలు పెట్టి, రోజుల తరబడి నునుపు చేశాడు. అది చూసి, క్రిస్టమ్మ ఊళ్లో మజ్జిగ చిలుకుతారా అని అడిగింది ఎలీషమ్మ. చిలకకపోయినా ఆ ఊరివాళ్లకు పని తెలుసు గద అన్నాడు.

బేగంపేటలో విమానమెక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగారు. అక్కడి నుంచి రైలు. క్రిస్టమ్మా, ఆమె భర్త వెర్నరూ డ్రెస్డెన్ స్టేషనులో ఎదురుచూస్తున్నారు. క్రిస్టమ్మ జుట్టు పూర్తిగా నెరిసింది. ఎలీషమ్మను గట్టిగా వాటేసుకుని, మేడ్చల్‌లో పట్టుబడ్డ కాస్త తెలుగుతో, సైగలతో మొదట క్షమాపణ చెప్పింది: ఈ ఏడు చలి తక్కువట, మంచు పడలేదట. మూడు స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వణుకుతున్న ఎలీషమ్మకు ఆ క్షమాపణ అర్థం కాలేదు.

కారు కొండలెక్కేసరికి చీకటి పడింది. ఊరి మలుపు తిరగ్గానే యాకోబు ముందు సీటు పట్టుకుని లేచినంత పని చేశాడు. ఒక్క ఇల్లు కూడా విడవకుండా ప్రతి కిటికీలో దీపాలు. విల్లులా వంచిన చెక్క కమాను మీద వరసగా కొవ్వొత్తులు. రంగు బల్బులు లేవు, మైకులు లేవు. ఊరి నడుమ ఇంటెత్తు చెక్క గోపురం ఒకటి నిదానంగా తిరుగుతోంది. వెర్నర్ కారు ఆపాడు. యాకోబు దిగి దాని చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. ఎలీషమ్మే, మన గుడి ముందర గిట్లాంటిదొకటి ఉంటే పిల్లలు ఇంటికి పోతరా అంది.

క్రిస్టమ్మ ఇంటి కిటికీలో మూడు చెక్క బొమ్మలు దీపాలు పట్టుకుని నిలబడ్డాయి. ఇద్దరు గని కూలీలు, ఒక దేవదూత. ఆ ఊళ్లో మగపిల్లవాడికి ఒక గని కూలీని, ఆడపిల్లకు ఒక దేవదూతను కిటికీలో పెడతారట. వీధిలో పోయేవాళ్లు ఆ ఇంట్లో పిల్లలెందరో లెక్క చెప్పొచ్చట. క్రిస్టమ్మకు ఇద్దరూ కొడుకులే కదా, దేవదూత ఎవరిదని ఎలీషమ్మ అడిగింది. "జాస్మిన్," అంది క్రిస్టమ్మ. అనువదించడానికి ఎవరూ అవసరం లేకపోయింది. ఎలీషమ్మ ఆ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది.

మరుసటి రోజు నుంచి యాకోబు ఇంట్లో నిలవలేదు. క్రిస్టమ్మ చిన్నాన్న గుంటర్‌కు కార్ఖానా ఉంది. డెబ్బై దాటిన మనిషి, యాకోబు కంటే మాట పొదుపు. అక్కడ మొదట అతన్ని ఆపింది చెక్క. నీళ్లలో నానబెట్టిన దేవదారు మొద్దులు. మేడ్చల్‌లో తడి చెక్క తెస్తే తిప్పి పంపేవాడు, ఇక్కడ తడి చెక్కనే మిషనుకు ఎక్కిస్తున్నారు. ముసలాయన మొద్దును పళ్లెంలా తిప్పుతూ, ఒకవైపు ఉలి ఆనించి గాడులు తీశాడు. మళ్లీ తిరగేసి రెండో వైపు తీశాడు. చివరికి ఒక చక్రం చేతికి వచ్చింది. చూస్తే బండి చక్రానికి పిచ్చి గాడులు పెట్టినట్టుంది. దాన్ని నిలబెట్టి కత్తితో ఒక దెబ్బ వేశాడు, ఇంకో దెబ్బ వేశాడు. రెండు దెబ్బల నడుమ ఊడిపడ్డ ముక్కకు మెడ ఉంది, వీపు ఉంది, ముందొకటి వెనకొకటి కాళ్ల దిమ్మెలున్నాయి, వాటిని నడుమకు చీలిస్తే నాలుగు కాళ్లు. గుర్రం. చక్రమంతా గుర్రాలే, రొట్టె కోసినట్టు కోస్తే వస్తున్నాయి.

యాకోబు కూర్చుండిపోయాడు. లోపల ఉన్న బొమ్మ కంటికి కనబడదు, తిరిగే చెక్క మీద చేతికే తెలియాలి. పదేళ్లు తను ఆలోచించింది ఆ ముసలాయన చెయ్యి ఊరికే చేసుకుపోతోంది. ఆ సాయంత్రం భార్యతో, "నా చేతికి గింత తెలివి లేదే," అన్నాడు. ఆ గొంతులో బాధ లేదు. చిన్నపిల్లవాడి సంతోషం ఉంది.

రోజూ వెళ్లి కూర్చున్నాడు. పొట్టు ఊడ్చాడు, మొద్దులు మోశాడు. మూడో ఆదివారం దాటాక గుంటర్ అతని చేతికి ఉలి ఇచ్చాడు. మొదటి చక్రం విరిగింది. రెండోది కోస్తే వచ్చిన జంతువుకు మెడ లావు, వీపు వెడల్పు, తల కిందికి వంగి ఉంది. గుంటర్ దాన్ని అటూ ఇటూ తిప్పి ఏమిటని సైగ చేశాడు. యాకోబు సిగ్గుపడి, బర్రె అన్నాడు. తలకు రెండు వేళ్లు వెనక్కి వంచి కొమ్ములు చూపించాడు. ముసలాయన నవ్వగా అక్కడి పనివాళ్లు చూడ్డం అదే మొదటిసారట. ఆ చక్రంలోని బర్రెలన్నిటికీ కొమ్ములు అతికించి, నల్లరంగు వేయించి, అమ్మకానికి కట్టే నోవహు ఓడ బొమ్మల పెట్టెల్లో ఆవుల పక్కన పెట్టించాడు. కవ్వం ఇచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు. గాడుల్లో వేలు పెట్టి చూసి, ఉలి ఏ కోణంలో పట్టావని చేత్తో అడిగాడు. ఎలీషమ్మ పెరుగు గిన్నె తెప్పించి తాడుతో చిలికి చూపిస్తే, కార్ఖానా మొత్తం పని ఆపి చూసింది.

ఎలీషమ్మ మాత్రం క్రిస్టమ్మతో వంటింట్లో ఉండేది. ఇరవై నాలుగు సాయంత్రం అక్కడ తొమ్మిది వంటకాలు చేయాలట. అందులో పప్పు ఉందని తెలిసి ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. పులియబెట్టిన క్యాబేజీ తురుమును ఆవకాయతో కలిపి తిని వెర్నర్ కంట నీళ్లు పెట్టుకున్నాడు, మళ్లీ వేయించుకున్నాడు. బల్ల మీద ఒక పళ్లెం ఎక్కువ పెట్టారు. తలుపు తట్టే కొత్త మనిషి కోసమట. అది చూసి ఎలీషమ్మ, మేడ్చల్ పోయినంక నేను గూడ పెడత అంది.

భోజనానికి ముందు, పొద్దు వాలుతుండగా అందరూ చర్చికి నడిచారు. లోపల మైకు లేదు. పిల్లలు చేతుల్లో దీపాలతో వచ్చారు. ఒక పాట రాగం ఎలీషమ్మకు తెలిసినదే. మొదట లోలోపల, తరువాత గొంతెత్తి తెలుగులో పాడింది. పక్కనున్న ముసలామె తిరిగి చూసి, ఆమె చెయ్యి పట్టుకుని తన భాషలో పాడుతూ పోయింది.

బయటికి రాగానే వెర్నర్ ఫోను మోగింది. మేడ్చల్ నుంచి జాస్మిన్. వెనక గుడి మైకులో పాటలు, పిల్లల అరుపులు. ఎలీషమ్మ మొట్టమొదట, రేపటి విందుకు దినుసులు సరిపోతాయా అని అడిగింది. ముత్తమ్మ అన్నీ దగ్గరుండి చూస్తోందని, కారం మాత్రం తన ఇష్టానికే వేస్తానందని జాస్మిన్ చెప్పింది. ఎలీషమ్మ సరే వేసుకోనియ్యి అంది. అక్కడెట్లుందని కూతురు అడిగింది. అప్పుడే చర్చి మెట్ల మీద బాకాలు ఊదేవాళ్లు వరసగా నిలబడ్డారు. ఎలీషమ్మ ఫోను వాళ్లవైపు చాచి పట్టుకుంది.

"ఇంటున్నవా బిడ్డా?"

"ఆగమ్మా," అంది జాస్మిన్. మేడ్చల్‌లో మైకు ఆగిపోయింది. ఫోను చుట్టూ సంఘమంతా మూగినట్టుంది. ఎవరో పిల్లలను ఊరుకోమంటున్నారు. కాసేపటికి అయ్యగారి గొంతు వినిపించింది, యాకోబును పిలవమని. యాకోబు ఫోను తీసుకుని చెవికి పెట్టుకున్నాడు. అక్కడ అయ్యగారూ, ఇక్కడ యాకోబూ బాకాలు ఆగేదాకా విన్నారు.